వేములవాడ అరికేసరి

సిరిసిల్ల పక్కనున్న వేములవాడ పేరు వినగానే రాజన్న గుడే గుర్తొస్తుంది. పదో శతాబ్దంలో ఆ ఊరు చాళుక్యుల రాజధాని. 936 ప్రాంతంలో ఇక్కడి రెండో అరికేసరి, సామంతుడై ఉండి కూడా, తన సార్వభౌముడైన రాష్ట్రకూట నాలుగో గోవిందుణ్ని దించి, అదే వంశానికి చెందిన బద్దెగను గద్దెనెక్కించాడు. తనను శరణుజొచ్చిన విజయాదిత్యుడనే వ్యక్తిని అరికేసరి గోవిందుడికి అప్పగించలేదని కూడా పంపకవి రాశాడు.

పంపడు ఆస్థానకవి కదా, ‘విక్రమార్జున విజయం’లో రాజును ఏకంగా అర్జునుణ్నే చేశాడు కదా, ఆ మాటలు నమ్మేదెట్లా అని అడగొచ్చు. పైగా ఆయనకు రాజు ధర్మపురం అగ్రహారమిచ్చాడని తమ్ముడు జినవల్లభుడి కురిక్యాల శాసనమే చెబుతోంది. అనుమానం సబబే. కానీ బద్దెగ కొడుకు మూడో కృష్ణుడు 940లో వేయించిన దేవళీ తామ్రశాసనం కూడా, సామంతులు వేడుకుంటేనే తన తండ్రి రాజ్యం చేపట్టాడంటుంది. వేములవాడను పొగడాల్సిన పని ఆ శాసనానికి లేదు. అందులో ఉన్నది ‘సామంతులు’ అనే బహువచనం; కాబట్టి అరికేసరి ఒక్కడే అంతా చేశాడన్నది కవి అతిశయం, ముందు నిలిచాడన్నది నమ్మదగ్గ మాట. మరి తానే గద్దెనెందుకు ఎక్కలేదు? బద్దెగది రాష్ట్రకూట రక్తం. తమలాంటి మరో సామంతుడికి తక్కినవాళ్లు తలవంచేవారు కాదని నా అంచనా.