తేదీ వచ్చేదాకా
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో మా గ్రామైక్య సంఘం తరఫున చెప్పిన మాటలు)



పొదుపు ఎంత, రికవరీ ఎంత అనేది నివేదికలో ఉంది. మేము లెక్కల్లోకి రాని విషయం ఒకటి చెప్తాం. ఆ తల్లినీ పాపనీ అడిగి, వాళ్లు సరేనన్నాకే చెప్తున్నాం.

మా సభ్యురాలి కూతురు తొమ్మిదో తరగతి. బాగా చదువుతుంది. కానీ పెళ్లింట్లో బ్యాండుమేళం మొదలైతే చెవులు మూసుకుని వెనక గదిలోకి పోతుంది. పలకరిస్తే మొహంలోకి చూడదు. అన్నంలో పప్పూ కూరా కలిసిపోతే ఇక ముట్టదు. మేమేమన్నామో దాచుకోం. "పొగరు" అన్నాం. "తల్లి గారాబం" అన్నాం. తాయెత్తు కట్టించమన్నవాళ్లమూ మాలోనే ఉన్నాం.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చిన వైద్య బృందం చూసి, ఆటిజం కావచ్చు, పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించండి అని రాసిచ్చింది. అక్కడ తేదీ రెండు నెలల తర్వాతకి ఇచ్చారు.

పాపకి నిద్ర పోయింది. పొద్దున లేవగానే క్యాలెండర్ దగ్గర నిలబడి రోజులు లెక్కపెట్టడమే. "సూది వేస్తారా? గదిలో ఎంతమంది ఉంటారు? తప్పు చెప్తే ఏం చేస్తారు?" అని అడిగిందే అడగడం. బడికి పోనంది. ఇంట్లో నాయనమ్మేమో "కాగితం మీద ఆ పేరు పడితే రేపు సంబంధాలొస్తాయా?" అని గొడవ.

ఒక రాత్రి పాప తల్లిని అడిగిందట: "అమ్మా, ఆటిజం అని రాస్తే నన్ను వదిలేస్తారా? కాదని రాస్తే నాది నిజంగా పొగరేనా?"

తల్లి ఈ మాట సంఘం సమావేశంలో చెప్పి ఏడ్చింది. మాకు నోట మాట రాలేదు. పొగరు అన్న మాట మేమిచ్చిందే కదా.

అప్పుడు మాకు తోచినవి చేశాం. ఆశా కార్యకర్తను తీసుకుని మాలో ఇద్దరం ముందే ఆసుపత్రికి పోయి కనుక్కున్నాం. ఆటిజం ఉందో లేదో తేల్చడానికి సూదీ మందూ ఉండవు. చిన్నప్పటి సంగతులు తల్లిని అడుగుతారు, పాపతో మాట్లాడతారు, గమనిస్తారు. ఇందులో పాసూ ఫెయిలూ లేవు. ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎవరు మాట్లాడతారు అన్నీ వరసగా కాగితం మీద రాసిచ్చాం. పాప దాన్ని క్యాలెండర్ పక్కనే అంటించుకుంది. వాళ్ల అరుగు మీద పెట్టే మా సమావేశం సంఘం భవనానికి మార్చాం. రాత్రిపూట భయం మరీ ఎక్కువైతే మాట్లాడమని టెలీ మానస్ నంబరు 14416 తల్లి ఫోనులో వేసిచ్చాం. అది ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మేమూ నేర్చుకున్నాం. ఆటిజం పెంపకం లోపం వల్ల రాదు, దిష్టి వల్ల రాదు. పుట్టుకతో వచ్చే తీరు అది. ఆడపిల్లలు పక్కవాళ్లను చూసి అలాగే నడుచుకుంటూ లోపలి కష్టం దాచేస్తారు, అందుకే చాలామందిలో ఆలస్యంగా తెలుస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం కూడా ఉంది. పేరు రాస్తే పిల్ల మారిపోదు. ఏ సాయం కావాలో తెలుస్తుంది, అంతే. నాయనమ్మకీ అదే చెప్పాం. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, గొడవ తగ్గింది.

పాప లెక్క ప్రకారం ఇంకా పదకొండు రోజులుంది. భయం పోయిందని చెప్పం. కానీ బడికి మధ్యాహ్నం దాకా పోతోంది, కొంచెం నిద్రపోతోంది. ఆ రోజు మాలో ఒకరం పని మానుకుని తోడు వెళ్తాం. ఆ కూలి డబ్బు సంఘమంతా పంచుకోవాలని తీర్మానం రాసుకున్నాం.

మీ ఊళ్లలోనూ ఇలాంటి పిల్లలుంటారు. డాక్టరు ఏం రాస్తాడో మన చేతిలో లేదు. అది వచ్చేదాకా ఆ పిల్లని మనం ఏమని పిలుస్తామో మన చేతిలోనే ఉంది. పరీక్షలో ఏం తేలినా, ఆ పాపని పొగరు అని మేము ఇంకెప్పుడూ అనం.

సెలవు.