సంతానలేమి - మగవారి పరీక్ష
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టరును, డాక్టరును కాను. అయినా ఒక మాట చెప్పక తప్పదు. నిఖా అయి రెండేళ్లు గడిచినా ఇంట్లో ఊయల కట్టకపోతే ముందుగా మాట పడేది కోడలే. బాంఝ్ అంటారు, గొడ్రాలు అంటారు. అబ్బాయికి రెండో పెళ్లి మాట కూడా ఎత్తుతారు. అబ్బాయికి పరీక్ష చేయించారా అని మాత్రం అడగరు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాని లోపానికి కూడా భాగముంటుంది.

వీర్యపరీక్షలో సూక్ష్మదర్శిని కింద కణాల సంఖ్య, కదలిక, ఆకారం చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు. అయితే లెక్క సరిపోయినా కణం తలలోని డి.ఎన్.ఎ. చెడి ఉండవచ్చు. దాన్ని చూసే పరీక్షలున్నాయి గాని, రంగులు, రసాయనాలు తగిలిన కణం మరి సంతానానికి పనికిరాదు.

ఇక్కడే వెలుతురు సాయానికి వస్తున్నది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ గారు కనిపెట్టిన సంగతే ఇది. ఒకే రంగు కాంతిని వస్తువు మీద వేస్తే, చెదిరిన కాంతిలో కొంచెం రంగు మారుతుంది. ఆ మార్పు లోపలి అణువుల కదలికను బట్టి ఉంటుంది. కుండ కొనేటప్పుడు తట్టి, మోతను బట్టి పగులు కనిపెడతాం గదా, అలాంటిదే. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం గారు రామన్ గారి వద్ద ఈ పరిశోధన చేసి, తరువాత ఉస్మానియా వైస్‌ఛాన్సలర్ అయ్యారు.

శాస్త్రజ్ఞులిప్పుడు ఒక్కొక్క వీర్యకణం తలపై లేజరు కాంతి వేసి, డి.ఎన్.ఎ. గుర్తులు మారాయేమో చూస్తున్నారు. రంగు వేసే పని లేదు. కాని లేజరు వల్ల కణమే దెబ్బతినే ప్రమాదముంది. కాబట్టి ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉన్నది. ఈ పరీక్ష చేస్తామని ఎవరైనా డబ్బడిగితే నమ్మకండి.

మనకు అందుబాటులో ఉన్నది మామూలు వీర్యపరీక్ష. అది చాలా సులువు, నొప్పి లేదు. వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఒక్క రిపోర్టుతో నిరాశపడి కూర్చోవద్దు. బీడీ, సిగరెట్టు మానాలి. ఇటుక బట్టీల దగ్గర, పొయ్యిల దగ్గర రోజంతా వేడిలో పనిచేసేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. పనికోసం పాలమూరు విడిచి నెలల తరబడి దూరాన ఉండే భర్తలు, ఆ ఎడబాటును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తల్లులారా, కోడలిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయే రోజునే కొడుకును కూడా వెంట పంపండి. యువకులారా, పరీక్షకు పోతే మగతనం తగ్గదు. నిందను భార్య మీద వేసి ఊరుకోవడమే సిగ్గుపడవలసిన పని.

ఖుదా హాఫిజ్.