పంటికి తొడుగు



చింతలనార్ అను పేరు మనలో పెక్కుమందికి 2010 ఏప్రిల్ 6వ తేదీ దుర్వార్త వలన తెలిసినది. ఆ గ్రామ ప్రాంతమున నాడు 76 మంది భద్రతా సిబ్బంది అసువులు బాసిరి. బస్తరు సీమలో దోర్నాపాల్ నుండి జగర్‌గుండకు పోవు 56 కిలోమీటర్ల బాటపై నున్న ఊరది. అట్టి దూరపు తావులకు ఉద్యోగరీత్యా పోవువారు కేంద్ర సిబ్బంది కుటుంబములలో ఎందరో కలరు. వారికి నిత్యము పనికివచ్చు చిన్న విషయ మొకటి నేడు మనవి చేయుదును. అది పంటికి వేయు తొడుగును గూర్చినది. జనులు దీనిని క్యాప్ అందురు.

ఆ సీమకును పంటికిని పాత సంబంధము గలదు. 2012లో సుక్మా జిల్లా ఏర్పడువరకు చింతలనార్ దంతెవాడ జిల్లాలోనిది. సతీదేవి దంతము పడిన చోట దంతేశ్వరీ ఆలయము వెలసినదనియు, దానివలననే దంతెవాడకు ఆ పేరు కలిగెననియు స్థలపురాణము. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అచట రాజ్యము నెలకొల్పెనని ప్రతీతి. ఆ రాజవంశమునకు దంతేశ్వరియే కులదైవము. కావున ఆ సీమ పేరు చెప్పి పంటి ముచ్చట లాడుట అసందర్భము కాదు.

పంటిపై నుండు పింగాణి పొర మన శరీరమున కెల్ల మిక్కిలి గట్టి పదార్థము. దాని బరువులో నూటికి 96 పాళ్ళు ఖనిజమే. కాని అందు జీవకణములు లేవు. విరిగిన ఎముక అతుకును. విరిగిన పన్ను అతుకదు. పింగాణి పొర క్రింద డెంటిన్, దాని లోపల నరములు, రక్తనాళములు గల గుజ్జు ఉండును. పుచ్చు గుజ్జును చేరినపుడు, వైద్యుడు దానిని తొలగించి రూట్ కెనాల్ చికిత్స చేయును. అంతటితో నొప్పి పోవును గాని బలము రాదు. నడుమ బోలయి గోడలు మాత్రమే మిగిలిన పన్ను, నమలునపుడు పడు ఒత్తిడికి ప్రక్కలకు విచ్చి, ఒకనాడు నిలువున చీలును. చీలిక వేరులోనికి దిగినచో పన్ను తీసివేయుట తప్ప సాధారణముగా వేరు మార్గము లేదు.

మన పెద్దలు రోకలి కొనకు ఇనుప పొన్ను తొడుగుట ఎందులకు? దంచునపుడు కర్ర చీలకుండుటకే గదా. పంటి తొడుగు చేయు పనియు నదియే. పంటిని చుట్టును పట్టి బిగించి, ఒత్తిడిని పన్నంతటికి పంచును. పొన్ను నిలుచుటకు క్రింద గట్టి కర్ర ఉండవలసినట్లే, తొడుగు పట్టుటకు చిగురుపైన చుట్టును సుమారు 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలి యుండవలెను. కనుకనే ఆలస్యము పనికిరాదు.

వైద్యుడు ముందుగా పుచ్చు నంతయు తీసి, లోపమును పూడ్చి, పంటిని అన్ని ప్రక్కల కొలదిగా అరగదీయును. పిమ్మట అచ్చు తీసి ప్రయోగశాలకు పంపును. అసలు తొడుగు వచ్చువరకు తాత్కాలికపు తొడుగు వేసి, తరువాత అసలుదానిని సిమెంటుతో అంటించును. బంగారు మిశ్రమము, లోహముపై పింగాణి, జిర్కోనియా మున్నగువానితో తొడుగులు చేయుదురు. పిల్లల పాలపండ్లకు సిద్ధముగా దొరకు ఉక్కు తొడుగులు వేయుదురు. ఆ పన్ను ఊడునపుడు తొడుగును దానితోనే ఊడును.

ప్రతి పంటికిని తొడుగు వలదు. చిన్న పుచ్చునకు పూడిక చాలును. ఒకసారి అరగదీసిన పన్ను మరల పెరుగదు గనుక, అందము కొరకై మంచి పంటిని అరగదీయించుకొనుట వివేకము కాదు. తొడుగు పుచ్చదు గాని, దాని అంచు క్రింద నున్న పన్ను పుచ్చును. గుజ్జు తీసిన పంటికి నొప్పి తెలియదు గావున ఆ పుచ్చు చాలకాలము బయటపడదు. కావున అంచువద్ద, చిగురువద్ద ప్రతిదినము శుభ్రము చేసి, అప్పుడప్పుడు వైద్యునికి చూపవలెను.

దూర ప్రదేశములకు పోవు సోదరులకు నా మనవి యిది. ప్రయాణమునకు ముందే పండ్లు చూపించుకొనుడు. రూట్ కెనాల్ చేయించిన దవడపన్ను ఉన్నచో, తొడుగు అవసరమేమో అడిగి, కావలసినచో వేయించుకొనియే కదలుడు. తొడుగు ఊడినచో పారవేయక భద్రపరచుడు; బజారు జిగురుతో అంటింపకుడు. వేయించిన చింతపిక్కలు పండ్లతో కొరుకుట మానుడు. ఛత్తీస్‌గఢ్‌లో పండ్లు తోముకొను గుడాఖు పొగాకు ముద్దయే గాని దంతధావన చూర్ణము కాదు, దానిని అలవరచుకొనకుడు. ముఖము వాచి, జ్వరము వచ్చి, మ్రింగుట కష్టమైనచో పంటినొప్పియే గదా యని ఉపేక్షింపక, తక్షణమే వైద్యుని చేరుడు. అట్టి వాపు ప్రాణాపాయము తేగలదు.

పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయి యైననేమి యని మన సామెత. వానిని నిలుపుకొనుటకు మాత్రము సమయ మెరిగి చేయు చికిత్సయే కావలెను. వైద్యశాల చేరువలో నుండగా ఒకటి రెండు దినములు వెచ్చించి చేయించుకొన్న పని, అది దూరమైననాడు మనలను కాచును.