చెవికి ఒక వరుస, కంటికి ఒక వరుస

అయిదేండ్ల పిల్లవానిని పిలిచి అక్షరములు చెప్పుమన్నచో 'అ' మొదలు 'క్ష' వఱకు ఒక్క గ్రుక్కలో ఒప్పగించును. ఇంటిల్లిపాదియు సంతోషింతురు. గోడమీది పటములో 'మ' ఎక్కడనున్నదో చూపుమనుడు. వాడు 'క' పై వ్రేలుంచి, వల్లించుకొనుచు, వరుసగా నడచి 'మ' యొద్దకు వచ్చును. అదే 'మ'ను అట్టముక్కపై విడిగా వ్రాసి చూపినచో 'వ' యనును. వానికి వచ్చినది పాట; అక్షరము కాదు. ఈ సంగతి గ్రహింపక వానిని మందమతి యనుకొను పెద్దలు పెక్కుమంది కలరు. ఒకటవ తరగతిలో పడిన ఆ పేరు ఎన్నియో యేండ్లు వానిని విడువదు.

మన వర్ణమాల చెవి కొఱకు కూర్చినది. కంఠమున పుట్టు 'క' మొదలుకొని పెదవులపై పుట్టు 'మ' వఱకు, ధ్వని పుట్టు తావులను బట్టి పెద్దలు దానిని అమర్చిరి. ఇంగ్లీషు అక్షరములకు ఇట్టి క్రమము లేదు. దానిని పాటగా నేర్పుడు, మంచిదే. కాని కంటికి ఆ వరుసతో పనిలేదు. 'ప'కు కంటిచుట్టమైన 'ష' వర్ణమాలలో చాల దూరముననున్నది.

కంటికి రూపమే దారి. సున్న చుట్టగల బిడ్డ దానికి తలకట్టు పెట్టిన 'ర' వచ్చును. కడుపులో చుక్క పెట్టిన 'ఠ' యగును. 'ద' క్రింద గీటు గీసిన 'ధ'. లోపల చుక్కయు చేరిన 'థ'. అయితే పోలికగల రెండక్షరములను ఒక్కపూటనే నేర్పరాదు. మొదటిది కుదిరిన పిమ్మటనే రెండవది. తలకట్టు సంగతియు చెప్పవలెను: ఖ, జ, ట, ణ, బ, ల లకు అది లేదు. ఋ, ఙ, ఞ లకు తొందరయేమి? అవి కావలసిన మాటలు వచ్చినప్పుడు చూచుకొనవచ్చును.

గ, డ, ప, ర, ల, వ - ఈ యాఱు వచ్చిన చాలును. 'వల', 'పడవ', 'గడప' చదువగలడు. తాను దినమును దాటు గడప కాగితముపై కనబడినప్పుడు ఆ బిడ్డ ముఖము చూడవలసినదే!

1939లో మన దేశమునకు వచ్చి, మద్రాసు అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిన మరియా మాంటిసోరి, గరుకు కాగితముతో చేసిన అక్షరములపై పిల్లలచేత వ్రేలు నడిపించెడిది. మన వీధిబడులలో ఇసుకపై దిద్దించుట పాత పద్ధతియే. కన్ను మఱచినదానిని వ్రేలు జ్ఞాపకముంచుకొనును. అక్షరాభ్యాసమునాడు బియ్యపు పళ్లెములో వ్రాయించి, మఱునాడే పలకా బలపము చేతికిచ్చుచున్నాము. ఆ పళ్లెమును మఱికొన్ని నెలలు ఉండనిండు.

బిడ్డ 'మ'ను 'వ' యన్నచో తప్పని కసరవలదు. రెండు అట్టలను ప్రక్కప్రక్కన పెట్టి, భేదమెక్కడ నున్నదో వానినే అడుగుడు. కుడిప్రక్కనున్న తోకను తానే కనిపెట్టి చూపును. మఱునాడు అట్టలన్నియు కలిపివేసి, మరల ఒకసారి అడుగుడు.