చేసిన పనిని చెప్పుట



ఈ మహాసభయందు మన యువజనుల యుద్యోగవిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కోరిన కార్యవర్గమువారికి మా కృతజ్ఞతలు. మన సంఘము వసతిగృహములు కట్టించినది, విద్యార్థివేతనము లొసగినది. తత్ఫలముగా మన బిడ్డలు పట్టభద్రు లగుచున్నారు. కాని వ్రాతపరీక్షలో గెలిచినవారు పలువురు ఇంటర్వ్యూ గదిలో నోడి తిరిగి వచ్చుచున్నారు. ఆ యోటమికి మాకు దోచిన యొక కారణమును, దానికి తగిన మందును మనవి చేయుదుము.

కేంద్రప్రభుత్వమువారు 2016 జనవరి 1 మొదలు తమ క్రిందితరగతి యుద్యోగములకు ఇంటర్వ్యూలను తీసివేసిరి. అయినను సివిల్ సర్వీసుల పరీక్షలో మొత్తము 2025 మార్కులకు గాను 275 మార్కులు మౌఖికపరీక్షకే యున్నవి. ప్రైవేటు కంపెనీలలో ననేకములకు ఇంటర్వ్యూయే సింహద్వారము. అచట తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "మీరు పనిలో నెదుర్కొన్న చిక్కుసమస్య యేది? దానిని మీ రెట్లు తీర్చితిరి?"

ఈ ప్రశ్న యూరక పుట్టినది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున వైమానికుల యెంపికకై పరిశోధనలు జరిపిన జాన్ ఫ్లానగన్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1954లో నొక వ్యాసము ప్రకటించెను. పనివాని నేర్పు తెలియవలెనన్నచో వాని గుణములను గూర్చి పొడిమాటలు వినుట చాలదు. నిజముగా జరిగిన ఘట్టములో నతడేమి చేసెనో విచారింపవలెనని యందలి సారము. నేటి ప్రశ్నలో నున్నదియు నీ తలంపే.

మా యొద్దకు వచ్చిన యొక యువకుని వృత్తాంతము వినుడు. అతడు రెండేండ్లు బియ్యపుమిల్లులో గుమాస్తాగా నుండెను. మూడుచోట్ల ఇంటర్వ్యూలకు పోయి మూడుచోట్లను తప్పెను. మేమును ఆ ప్రశ్ననే యడిగితిమి.

"ఏమున్నదండీ! నిలువలెక్కలో కొద్ది తేడా వచ్చినది. అందఱము కలిసి సరిచేసితిమి" అని తల వంచుకొనెను.

"తేడా యెంత, నాయనా?"

"నెలకు నలువది, ఏబది ధాన్యపు బస్తాలండి."

"ఎవరిమీద ననుమానము?"

"రాత్రి కావలివానిమీదనండి. యజమానిగారు వానిని తీసివేయుటకు నిశ్చయించిరి."

"మఱి నీవేమి చేసితివి?"

అప్పుడుగాని యసలు కథ బయటపడలేదు. అతడు యజమానిని బ్రతిమాలి రెండుదినములు గడువు గోరెను. మూడునెలల గేటుపుస్తకమును కాటాచీటీలను ప్రక్కప్రక్కన బెట్టి చూచెను. కొన్ని లారీలు తిరిగి పోవునప్పుడు వట్టిలారీ తూగవలసినదానికంటె హెచ్చు తూగినవి. ఏమనగా, తేమ యెక్కువగా నున్నదని త్రిప్పిపంపిన బస్తాలు వచ్చినట్లు గేటుపుస్తకములో నెక్కినవి గాని, పోయినట్లు ఎక్కలేదు. నిలువలెక్క యా పుస్తకమును బట్టియే వ్రాయుచుండిరి. దొంగ యెవ్వడును లేడు! త్రిప్పిపంపిన బస్తాలకు వేఱొక గడి గీయించి, అందు డ్రైవరుచేత సంతకము పెట్టించు నేర్పాటు చేసెను. మఱుసటి రెండునెలలు లెక్క సరిపోయినది. కావలివాని కూడు నిలిచినది.

ఇంత పని చేసిన చిన్నవాడు దానిని "అందఱము కలిసి" యను రెండుమాటలలో మ్రింగివేసెను. అడిగినవారి కేమి తెలియును?

మేమును నిర్దోషులము కాము. మా యౌవనమున నొక కార్యాలయములో నీ ప్రశ్నయే రాగా, "పెద్దల యాశీర్వచనముచే చిక్కు లేవియు రాలేదు" అని బదులు చెప్పి, రిక్తహస్తములతో నింటికి వచ్చితిమి. ఆత్మస్తుతి తప్పని మన యిండ్లలో నేర్పుదురు. అది మంచిపాఠమే. కాని లేనిది చెప్పుకొనుట స్తుతి. ఉన్నది చెప్పుట సాక్ష్యము. సాక్షి తాను చూచినది దాచినచో న్యాయము చెడును గదా! "గడు విచ్చినవారు యజమాని, చీటీలు వెదకి యిచ్చినవాడు కాటాగుమాస్తా, రెంటిని పోల్చి చూచినవాడను నేను" అని యెవరి పాలు వారికి బంచి చెప్పుటలో గర్వమెక్కడిది?

కావున యువకులారా! ఉత్తరమును నాలుగు భాగములుగా నమర్చుకొనుడు: పరిస్థితి యేమి, అందు మీ బాధ్యత యేమి, మీరు చేసినదేమి, ఫలమేమి. మొదటి రెండింటిని క్లుప్తముగా ముగించి, మూడవదానిని విపులముగా జెప్పుడు. ఫలమును లెక్కతో జెప్పుడు. ఇతరులు వ్రాసియిచ్చిన కట్టుకథను వల్లించి పోకుడు; అది మూడవ ప్రశ్నకే తెగిపోవును.

పని విఫలమైనచో సిగ్గుపడి దాచవలదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు సముద్రము పాలయ్యెను. శాస్త్రజ్ఞులు లోపమును వెదకి సవరించిరి. 1980 జూలై 18న నదే తరగతి రాకెట్టు రోహిణి యుపగ్రహమును కక్ష్యలో నిలిపెను. తప్పును గుర్తించిన తెఱగు చెప్పగలవానిని వివేకులు చులకన చేయరు.

ఇక పోషకులకు మా విన్నపము. సముద్రతీరమున హనుమంతుడు తన బలమును తా నెఱుగక యూరకుండగా, జాంబవంతుడు దానిని జ్ఞప్తికి దెచ్చెను. మన బిడ్డలకు కొఱతపడినది బలము కాదు, జాంబవంతులు. సిఫారసు ఉత్తరము గుమ్మమువఱకే తీసికొనిపోవును. లోపల నోరు విప్పవలసినవాడు బిడ్డయే. ప్రతి వసతిగృహమునందును నెలకొక యాదివారము ఉద్యోగానుభవము గల పెద్దలు మువ్వురు కూర్చుండి, బాలబాలికలను పిలిచి, "నీవేమి చేసితివి?" అని యోపికతో నడుగవలెను. ఇందులకు ధనము పని లేదు; రెండుగంటల కాలము చాలును.

ఆ యువకుడు నాలుగవ ఇంటర్వ్యూలో నీ వృత్తాంతమునే చెప్పి యుద్యోగము సంపాదించెను. కావలివాడు నేటికిని ఆ మిల్లులోనే యున్నాడు. అట్టి కథలు మన వసతిగృహములలో నెన్ని మౌనముగా బడియున్నవో, పెద్దలు విచారింతురుగాక యని మనవి చేయుచు విరమించుచున్నాము.