ఎదిగే పిల్లలు, మా ఆదివారపు మాటలు

(రాయగడలో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను మనస్తత్వ శాస్త్రం చదివినదాన్ని కాను. ఈ ఊరి బజారులో మా ఇంటాయనతో కలిసి బట్టల దుకాణం చూసుకుంటాను. పదిహేనేళ్ళ అబ్బాయి, పన్నెండేళ్ళ అమ్మాయి ఉన్నారు. ఎదిగే పిల్లల పెంపకం గురించి మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు, ఆ విషయంలో నాకున్న అర్హత ఏమిటని ఆలోచించాను. తప్పులు చేయడం, వాటిని స్నేహితురాళ్ళ దగ్గర ఒప్పుకోవడం తప్ప మరేదీ కనిపించలేదు. కనుక ఆ తప్పుల గురించే మాట్లాడతాను.

మేము ఆరుగురము. అందరమూ నలభై దాటినవాళ్ళమే. రాయగడలో నేను, రైల్వే క్వార్టర్లలో ఉండే వదిన, ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్న అక్క, జేకేపూర్ కాగితం మిల్లు కాలనీలో ఉండే మరొకరు. కొరాపుట్ వైపునుంచి ఇద్దరు: ఒకరు ఆసుపత్రిలో నర్సు, మరొకరు సునాబేడాలో గృహిణి. నెలకొకసారి రెండవ ఆదివారం కలుస్తాము. ఒక నెల వాళ్ళు కొండలు దిగి రైల్లో వస్తారు. మరుసటి నెల మేము శనివారమే బయలుదేరి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కొరాపుట్ చేరి, రాత్రి అక్కడే ఉండి వస్తాము. ఆ సొరంగాల లెక్క ఇంతవరకు ఏ ఇద్దరికీ కలవలేదు.

స్నేహితురాళ్ళు కలుసుకొని పిల్లల గురించి మాట్లాడుకోవడం గొప్ప విషయమా అని అడగవచ్చు. మన వంటి కుటుంబాలకు అది అవసరమైన విషయమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు, అంతవరకు మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న జయపురం సంస్థానం ఇటు చేరింది. 1992లో కొరాపుట్ నుంచి రాయగడ విడిపోయి వేరే జిల్లా అయింది. మనలో కొందరి తాతలు ఆ సరిహద్దు గీయకముందే ఇక్కడ ఉన్నారు. ఎక్కువమందిమి మాత్రం తరువాత వచ్చినవాళ్ళమే. కొందరు కాగితం మిల్లుకు, కొందరు సునాబేడాలోని విమాన ఇంజన్ల కర్మాగారానికి, కొందరు దామన్‌జోడి నాల్కోకు, రైల్వేకు, ఇంకొందరు మావలె వ్యాపారానికి వచ్చారు. వచ్చేటప్పుడు సామాను తెచ్చుకున్నాము. అమ్మమ్మను, పెద్దత్తను, పెరటి గోడ అవతలి పిన్నిని తెచ్చుకోలేకపోయాము.

నేను బొబ్బిలిలో పెరిగాను. నా పద్నాలుగవ ఏట అమ్మతో మాటలు మానేస్తే, ఆ సాయంత్రానికల్లా మేనత్త వచ్చి నన్ను తన ఇంటికి తీసుకుపోయేది. రెండు రోజులు అక్కడే తిని, అక్కడే పడుకొని, మూడవ రోజు నా అంతట నేనే ఇంటికి వచ్చేదాన్ని. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పేవారు కారు. ఇక్కడ మా అబ్బాయి అలిగితే పోవడానికి రెండే చోట్లు. ఒకటి అతని గది, రెండు అతని ఫోను. తలుపు ఇవతల నేను ఒక్కదాన్ని.

అందులోనూ మరొక చిక్కు ఉంది. దానిని మా నర్సు స్నేహితురాలు విప్పి చెప్పింది. పిల్లల శరీరం మారే కాలమూ, తల్లి శరీరం మారే కాలమూ చాలా ఇళ్ళలో ఒకేసారి వస్తాయి. నిద్ర పట్టని తల్లి, నిద్ర లేవని కొడుకు ఒకే ఇంట్లో ఉంటారు. కారణం తెలియని కోపం ఇద్దరికీ ఉంటుంది. ఆమె చెప్పేవరకు నా కోపమంతా వాడి వల్లనే వస్తున్నదని నమ్మాను.

ఇక భాష సంగతి. మన పిల్లలు వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు, ఫోనులో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. అది వారికి బరువు కాదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ రచనలు చేసినవారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పెద్ద దాత. రెండు భాషలు ఒకే ఇంట్లో ఉండడం ఈ నేలకు కొత్త కాదు. బరువు ఎక్కడంటే, కోపం వచ్చినప్పుడు పిల్లలు మనకు తక్కువ వచ్చిన భాషలోకి వెళ్ళిపోతారు. సునాబేడా స్నేహితురాలి కూతురు తల్లితో తగవు పడితే ఒడియాలోనే పడుతుంది. తండ్రి ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు కనుక అతనికి అంతా అర్థమవుతుంది. పెళ్ళి చేసుకొని పార్వతీపురం నుంచి వచ్చిన తల్లికి సగమే అర్థమవుతుంది. “అర్థంకాని ఆ సగంలో నన్ను ఏమంటున్నదో అని రాత్రంతా ఆలోచిస్తాను” అన్నది ఆమె ఒకసారి. చివరికి కూతురినే అడిగింది. ఆ పిల్ల సిగ్గుపడి, “ఆ సగంలో ఏమీ ఉండదమ్మా, త్వరగా మాట్లాడతానంతే” అన్నదట.

ఇప్పుడు నా తప్పు దగ్గరకు వస్తాను. దీనిని ఈ సభలో చెప్పవచ్చునా అని మా అబ్బాయిని ముందే అడిగాను. “కార్డు సంగతి చెప్పు, మార్కులు చెప్పకు” అన్నాడు. కనుక మార్కులు చెప్పను.

నిరుడు వాడి అర్ధసంవత్సర పరీక్షల కార్డు బియ్యం డబ్బాలో దొరికింది. లెక్కలలో తప్పాడు. సంతకం కోసం నా దగ్గరకు తేకుండా అక్కడ దాచాడు. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. కార్డును ఫోటో తీసి, “మా ఇంట బియ్యంలో పండిన పంట చూడండి” అని రాసి మా ఆరుగురి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ నవ్వారు. ఒకరు తమ వాడి సంగతి చెప్పారు, మరొకరు ఓదార్చారు. నా మనసు తేలికపడింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మిల్లు కాలనీ స్నేహితురాలి కూతురు, మా అబ్బాయి ఒకే ట్యూషనుకు వెళతారు. ఆ పిల్ల తల్లి ఫోనులో ఫోటో చూసింది. చెడ్డ పిల్ల కాదు, ఒక్క స్నేహితురాలికే చెప్పింది. మరునాటి సాయంత్రానికి ట్యూషనులో వాడికి ‘బియ్యం’ అని పేరు పడింది.

వాడు పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, పిలిస్తే వచ్చాడు, మాట మాత్రం లేదు. నేను అరిచాను, బతిమాలాను, తండ్రి చేత చెప్పించాను. “తప్పింది నువ్వు, దాచింది నువ్వు, అలక కూడా నీదేనా?” అని కూడా అన్నాను. అది రెండవ తప్పు. పన్నెండవ రోజున దుకాణం మూసే వేళ వచ్చి, షట్టరు దించడానికి సాయం పట్టి, ఒకే ఒక మాట అన్నాడు: “అది నా కార్డమ్మా.”

ఆ నెల కొరాపుట్‌లో కలిసినప్పుడు నేను ఈ మాట చెప్పి ఏడ్చాను. మిల్లు కాలనీ స్నేహితురాలు నాకంటె ఎక్కువ ఏడ్చింది. మా అందరిలో పెద్దదైన ఉపాధ్యాయిని అక్క కొంతసేపు ఊరుకొని, “మనం ఇన్నాళ్ళూ పంచుకున్నవి మన కష్టాలు కావు, పిల్లల రహస్యాలు” అన్నది. ఆ రోజు మూడు విషయాలు అనుకున్నాము. పిల్లల కార్డులు, ఫోటోలు, ఉత్తరాలు గ్రూపులో పెట్టకూడదు. కలిసినప్పుడు ఫోనులన్నీ ఒక స్టీలు పళ్ళెంలో వేసి పక్కన పెట్టాలి. మూడవది కష్టమైనది. మాట్లాడేటప్పుడు వాక్యాన్ని ‘మా వాడు’ అని కాక ‘నేను’ అని మొదలుపెట్టాలి.

ఈ మూడవది చేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. “మా వాడు రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూస్తాడు” అనడం సులువు. “నేను రాత్రి ఒంటిగంటకు లేచి వెళ్ళి వాడి చేతిలోని ఫోను లాక్కున్నాను, అది కింద పడి పగిలింది” అనాలంటే గొంతు పెగలదు. అయితే మొదటి వాక్యానికి స్నేహితులు చేయగలిగింది ఏమీ లేదు, “మా వాడూ అంతే” అనడం తప్ప. రెండవ వాక్యానికి చేయగలిగింది ఉంది. ఇంతకుముందు మా కలయికలు ఫిర్యాదుల పోటీలవలె ఉండేవి. ఎవరి పిల్లవాడు ఎక్కువ మొండి అన్నదే పందెం. ఇప్పుడు మౌనాలు ఎక్కువ. ఇంటికి వెళ్ళి చేయవలసిన పని మాత్రం ఒక్కటైనా దొరుకుతున్నది.

ఒక ఉదాహరణ. మాలో ఒకరి అబ్బాయికి పదహారవ ఏట తండ్రి మోటారు సైకిల్ మీద ట్యూషనుకు వెళ్ళడం అలవాటైంది. “నేనే తాళం ఇస్తున్నాను, ఆటో ఖర్చు తగ్గుతుందని” అని తల్లి ఒప్పుకున్నది. అప్పుడు చట్టం చూశాము. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 199ఎ సెక్షను చేరింది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడినో బండి యజమానినో దోషిగా భావిస్తారు. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. తల్లి దీనిని ఇంట్లో భర్తకు చెప్పింది. ఆయన నవ్వి, “ఈ ఊళ్ళో ఎవరు పట్టుకుంటారు?” అన్నారు. కుర్రవాడు మాత్రం నవ్వలేదు. లైసెన్సు గురించిన మాట వాడికి తగిలింది. తాళం తానే తెచ్చి తల్లి చేతికి ఇచ్చాడు. ఘాట్ మలుపులలో బస్సులు ఎలా వస్తాయో మనకు తెలుసు. ఇక్కడ ఉన్న తండ్రులు ఈ ఒక్క విషయంలో నవ్వకుండా ఉండాలని నా మనవి.

పదవ తరగతి అయ్యాక పిల్లలను విశాఖపట్నానికో విజయనగరానికో పంపడం గురించి ఇక్కడ ప్రతి ఇంట్లోనూ చర్చ ఉంటుంది. దానిమీద నాకు ఒక అభిప్రాయం లేదు, రెండు అనుభవాలు ఉన్నాయి. మాలో ఒకరి అబ్బాయి వెళ్ళి, కుదురుకొని, బాగా చదువుకున్నాడు. రైల్వే క్వార్టర్ల వదిన కూతురు కూడా వెళ్ళింది. మొదట రోజూ ఫోను చేసేది. తరువాత వారానికి ఒకసారి. ఆ తరువాత “బాగున్నాను” అన్న ఒక్క మాటే. వదిన మాతో, “నేను ఆ మాట విని ఫోను పెట్టేస్తున్నాను, ఎందుకంటే ఇంకేదైనా చెబితే నేనేం చేయాలో నాకు తెలియదు” అన్నది. ఆ మాట ఆమె ‘నేను’ అని మొదలుపెట్టకపోతే బయటికి వచ్చేది కాదనుకుంటాను. మరునాడే మాలో ఇద్దరము ఆమెతో కలిసి రైలెక్కాము. పిల్ల చిక్కిపోయి ఉంది. రాత్రిళ్ళు నిద్ర లేదు. వెంట తీసుకువచ్చాము. బంధువులు, కట్టిన ఫీజు పోయిందన్నారు, పిల్లకు ధైర్యం లేదన్నారు. ఆమె ఇప్పుడు రాయగడలోనే ప్లస్ టూ చదువుతున్నది. ఈ మాటలు ఆమె అనుమతితోనే చెబుతున్నాను. “నేను ఓడిపోయి రాలేదు, నన్ను ముగ్గురు వచ్చి తీసుకువచ్చారు అని చెప్పండి” అన్నది.

పంపదలచినవారు ఒక విషయం ముందే తెలుసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ వృత్తి విద్యా కళాశాలల ప్రవేశాలలో 85 శాతం సీట్లు స్థానికులవి. ఆ స్థానికతను లెక్కించే ప్రధాన పద్ధతి అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది. రెండేళ్ళ ఇంటర్మీడియట్ అక్కడ చదివినంత మాత్రాన ఆ లెక్క నిండదు. మిగిలిన సీట్లకు వేరే నిబంధనలు ఉన్నాయి, వాటిని ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోవాలి. ఈ సంగతి తెలియక పంపి, తరువాత పిల్లలమీద విసుక్కున్న ఇళ్ళు ఉన్నాయి.

రాత్రి వేళ పిల్లవాడి మాట తేడాగా ఉంటే, తెల్లవారేవరకు ఆగవద్దు. టెలి మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఆపదలో ఉన్న పిల్లలకోసం 1098. ఈ రెండూ మా ఇంట్లో గోడ గడియారం కింద రాసి ఉన్నాయి. పిల్లలే చేయవచ్చు, మనమూ చేయవచ్చు. నర్సు స్నేహితురాలు తన కోసమే ఒకసారి చేసింది.

పురపాలక సంఘానికి ఒక చిన్న విన్నపం. నెలకు ఒక ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఒక గది ఇప్పించండి. కుర్చీలు లేకపోయినా చాపలు మేము తెచ్చుకుంటాము. తెలుగువారికి మాత్రమే కాదు. మా వీధిలోని ఒడియా తల్లులు, బజారులో నా పక్కన దుకాణం పెట్టుకున్న కోంధ్ ఆడపడుచు కూడా ఇవే మాటలు చెబుతారు. అయిదారుగురు మించితే ఎవరూ నిజం చెప్పరు కనుక, చిన్న గదే మంచిది. తండ్రులకు వేరే ఆదివారం. మా ఇంటాయన, వదిన భర్త ఇప్పటికే స్టేషను దగ్గర టీ తాగుతూ ఏదో మాట్లాడుకుంటున్నారు. ఏమిటని అడిగితే క్రికెట్ అంటున్నారు. ఇద్దరికీ క్రికెట్ తెలియదు.

గత నెల మా ఇంట్లో కలిశాము. మా అబ్బాయి టీ తెచ్చి పెట్టాడు. వెళ్ళబోతూ పళ్ళెంలోని ఫోనులు లెక్కపెట్టి, “ఆరుగురు ఉన్నారు, అయిదే ఉన్నాయి” అన్నాడు. ఆరవది నాది. వంటింట్లో మరచిపోయాను. వెళ్ళి తెచ్చి పళ్ళెంలో పెట్టాను. అప్పుడు వాడు తన గదిలోకి వెళ్ళాడు. తలుపు వేసుకున్నాడు, గడియ మాత్రం పెట్టలేదు.