ఒడ్డు చేర్చేదే పడవ

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో మత్స్యశాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. బీపీ, షుగర్ల సంగతి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. మత్స్యశాఖలో ముప్పయి నాలుగేళ్ళు పనిచేసిన నాకు తెలిసినవి చేపలు, పడవలు, సముద్రం. అందుచేత ఈ పూట పడవ గురించే మాట్లాడతాను. అదీ కయాక్ అనే చిన్న పడవ గురించి. ఇది మనకెందుకని అనుకోకండి. మన పిల్లలు చాలామంది సముద్రతీరపు ఊళ్ళలో ఉంటున్నారు. ఆదివారం చేపల వేటకు వెళ్తున్నామని ఫోనులో చెబితే, వాళ్ళను ఏమడగాలో మనకు తెలిసి ఉండాలి.

మా అబ్బాయి అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్‌డియాగోలో ఉద్యోగం చేస్తున్నాడు. 2018లో ఒకరోజు ఫోను చేసి, "నాన్నా, ఒక పడవ కొన్నాను. ఇవాళ తిరగబడింది. ఏమీ కాలేదులే" అన్నాడు. ఆ ఫోను మా ఆవిడ కూడా వింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. రెండు నెలల తర్వాత మేము అక్కడికి వెళ్ళినప్పుడు, విమానం దిగీ దిగకముందే ఆవిడ అన్న మాట ఇది: "మీరు జీవితమంతా పడవల మధ్యే ఉన్నారు కదా. వాడికి మునగని పడవ ఏదో మీరే చూసి పెట్టండి."

ముందుగా కయాక్ అంటే ఏమిటో చెబుతాను. ఉత్తర ధ్రువం వైపు మంచు ప్రాంతాల్లో ఉండే ఇన్యూట్ ప్రజలు వేట కోసం చేసుకున్న పడవ ఇది. కొయ్యతో, ఎముకలతో చట్రం కట్టి, దానికి సీలు జంతువు చర్మం బిగించేవారు. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడుపుతారు. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి లోపల కాళ్ళు చాపుకుని కూర్చునేది. రెండోది పైన కూర్చునేది.

మావాడు కొన్నది మొదటి రకం. పదహారు అడుగుల పొడవు, ఇరవై రెండు అంగుళాల వెడల్పు. చూడటానికి ముచ్చటగా, కత్తిలా ఉంది. వేగం కూడా ఎక్కువే. కానీ కెరటానికి అడ్డంగా తిరిగి బోల్తాపడ్డప్పుడు లోపలికి నీళ్ళు నిండాయి. ఆ నీళ్ళు తోడుకుని మళ్ళీ ఎక్కడం వాడికి చేతకాలేదు. పడవను పట్టుకుని వేలాడుతూ, కెరటాలు తోసుకొస్తే ఒడ్డు చేరాడట. పడవ చెడ్డదని నేననను. అలాంటి పడవను తిరగబడ్డచోటనే మళ్ళీ నిటారు చేసుకునే విద్య ఒకటుంది. అది ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళకు ఆ పడవ సరిపోతుంది. గాలం పట్టుకుని కూర్చునే ఆదివారపు వేటగాడికి కాదు.

అప్పుడు నాకు భీమిలి తెప్పలు గుర్తొచ్చాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తేలిక దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్ళతో కట్టిన ఆ తెప్పల మీద మనుషులు సముద్రంలోకి ఎలా వెళ్తారా అని నేను భయపడేవాణ్ణి. ఒక ముసలి మత్స్యకారుడు నవ్వి, "బాబూ, దీంట్లోకి నీళ్ళు రావడానికి లోపలంటూ ఉంటే కదా! పైకొచ్చిన నీళ్ళు సందుల్లోంచి కిందికి పోతాయి. పడితే మళ్ళీ ఎక్కుతాం" అన్నాడు. పైన కూర్చునే కయాక్‌లో ఉన్నది సరిగ్గా ఆ కిటుకే. మూసిన డొల్ల మీద కూర్చుంటాం. కెరటం మీద పడ్డ నీళ్ళు పడవకున్న రంధ్రాల గుండా దిగిపోతాయి. కాబట్టి మొదటి నిర్ణయం తేలికగానే అయిపోయింది.

వెడల్పు దగ్గర చిక్కు వచ్చింది. వెడల్పు ఎంత ఎక్కువైతే అంత క్షేమమని నేనూ అనుకున్నాను. అక్కడ మిషన్ బే అని కెరటాలు లేని ప్రశాంతమైన జలాశయం ఉంది. పడవలు అద్దెకు తీసుకుని అక్కడికి వెళ్ళాం. మావాడికి నేను పెట్టిన పరీక్ష ఒక్కటే. లోతు నీళ్ళలో కావాలని పడవను తిరగేయాలి, నిటారు చేయాలి, ఎవరి సాయమూ లేకుండా ఎక్కాలి. అలా మూడుసార్లు. ఇరవై ఎనిమిది అంగుళాలది వాడు ఎక్కబోతే మళ్ళీ ఒరిగింది. ముప్పయి ఆరు అంగుళాలది మంచంలా కదలకుండా ఉంది గానీ, తలకిందులయ్యాక కూడా అంతే కదలకుండా ఉంది! వాడొక్కడు దాన్ని తిప్పలేకపోయాడు. నిటారుగా ఎంత స్థిరంగా ఉంటుందో, బోర్లాపడ్డాక కూడా అంతే మొండికేస్తుందని ఆ రోజు నేనూ నేర్చుకున్నాను. పన్నెండు అడుగుల పొడవు, ముప్పయి మూడు అంగుళాల వెడల్పు, ముప్పయి కిలోల బరువున్న పడవ మీదికి వాడు మూడుసార్లూ ఎక్కాడు. ఒడ్డున కూర్చున్న మా ఆవిడ లెక్కపెట్టి, అప్పుడు ఫ్లాస్కు మూత తీసి మాకు కాఫీ పోసింది.

తర్వాత బరువు లెక్క. పడవ మీద "ఇన్ని కిలోలు మోస్తుంది" అని రాసి ఉంటుంది. అది నిండా దిగబడి మోసే బరువు. అందులో మూడింట రెండు వంతులకు మించకుండా ఉంటే మంచిది. మావాడి బరువు డెబ్బయి ఎనిమిది కిలోలు. గాలాలు, ఐసు పెట్టె, మంచినీళ్ళు కలిపి ఇంకో ఇరవై. మేము ఎంచుకున్నది నూట అరవై కిలోలు మోసేది. పట్టిన చేపకు కూడా చోటు మిగిలిందన్నమాట.

కాళ్ళతో తొక్కే పెడల్ కయాక్ కావాలని వాడు ముచ్చటపడ్డాడు. నిజమే, చేతులు ఖాళీగా ఉంటాయి, ఎదురుగాలిలో నడపడం తేలిక. కానీ బరువు ఎక్కువ, ధర ఎక్కువ. ఒడ్డు దగ్గర లోతు తగ్గినప్పుడు అడుగున ఉండే రెక్కలను పైకి తీసుకోవాలి. అక్కడ లా హోయా తీరంలో కెరటాలు దాటి వెళ్ళాలి, కెరటాల్లోంచే తిరిగి రావాలి. ముందు తెడ్డు నేర్చుకో, తర్వాత పెడల్ సంగతి చూద్దామన్నాను. ఒక పూటంతా నాతో మాట్లాడలేదు గాని, చివరికి ఒప్పుకున్నాడు.

పడవ కొన్నంతలో పని అయిపోలేదు. లైఫ్ జాకెట్ పడవలో ఉండటం కాదు, ఒంటిమీద ఉండాలి. మన తీరంలో వాటిని తలకింద దిండుగా పెట్టుకున్నవాళ్ళను నేను చూశాను. పడ్డప్పుడు దిండు ఒకచోట, మనిషి ఒకచోట. తెడ్డును సన్నతాడుతో పడవకు కట్టుకోవాలి. ఈల, నీళ్ళలో తడిసినా పనిచేసే చేతి రేడియో జాకెట్‌కే ఉండాలి. మన విశాఖ నీళ్ళలా వెచ్చగా ఉండవు అక్కడి నీళ్ళు. ఎక్కువసేపు ఉంటే చేతులు కొంకర్లు పోతాయి, ఎక్కే శక్తి పోతుంది. అందుకని ఒంటికి అంటుకునే రబ్బరు దుస్తులు కొనిపించాను. గాలి సంగతి కూడా చెప్పాను. మనకు సముద్రం తూర్పున, వాళ్ళకు పడమటన. మనల్ని పడమటి వైపు నుంచి వచ్చే నేలగాలి సముద్రంలోకి నెట్టినట్టు, వాళ్ళను తూర్పుగాలి నెడుతుంది. శరత్తులో, చలికాలంలో ఎడారి మీదుగా వచ్చే ఆ గాలిని శాంటా ఆనా అంటారు. అది వీచే రోజున గాలం ఇంట్లోనే ఉండాలి.

పాత ఉద్యోగం బుద్ధి పోదు కదా, లైసెన్సు ఉందా అని కూడా అడిగాను. కాలిఫోర్నియాలో పదహారేళ్ళు దాటినవాళ్ళు సముద్రంలో పడవ మీంచి గాలం వేయాలంటే లైసెన్సు తీసుకోవాలి. లా హోయా దగ్గర కొంతమేర సముద్రం రక్షిత ప్రాంతం. అక్కడ చేప పట్టకూడదు. ఆ హద్దులు పటంలో గీయించి మరీ పంపాను.

చివరిగా ఒక్క మాట. 1996 నవంబరు 6న తుపాను కోనసీమను తాకినప్పుడు నేను కాకినాడలో పనిచేస్తున్నాను. వేటకు వెళ్ళి తిరిగిరాని వాళ్ళ పేర్లు ఇంటింటికీ తిరిగి రాసుకునే పని నాకు పడింది. ఆ గాలికి ఏ పడవా ఆగదు, అది వేరే సంగతి. కానీ ప్రతి ఇంట్లోనూ, ఎప్పుడు బయల్దేరాడని అడిగితే చెప్పారు. ఎటు వెళ్ళాడు, ఎప్పటికి వస్తానన్నాడు అంటే చాలామంది చెప్పలేకపోయారు. ఆ రెండు గడులు నా కాగితంలో ఖాళీగా ఉండిపోయాయి. ఆ ఖాళీ గడులు ఇప్పటికీ నా కళ్ళముందు ఉన్నాయి.

అందుకే మావాడి చేత ఒక ప్రమాణం చేయించాను. బయల్దేరే ముందు ఎక్కడినుంచి, ఎటు, ఎప్పటికి తిరిగి వస్తాడో కాగితం మీద రాసి మా కోడలి చేతికి ఇవ్వాలి. ఆ వేళ దాటి గంటైతే ఆమె వెంటనే తీర రక్షక దళానికి ఫోను చేయాలి, మొహమాటపడకూడదు. ఒడ్డుకు రాగానే వాడు ఆమెకూ, మాకూ కబురు చేయాలి.

మనం ఏటా ట్రెజరీకి బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇస్తున్నాం. మావాడు వేటకు వెళ్ళిన ప్రతిసారీ మాకు ఇస్తున్నాడు. మాకు రాత్రివేళ "ఒడ్డుకొచ్చాను నాన్నా" అని వస్తుంది. ఆ మాట విన్నాకే మా ఆవిడ దీపం ఆర్పుతుంది. మీ పిల్లలను కూడా ఆ సర్టిఫికెట్ అడగండి. చేప పడిందా అని తర్వాత అడగవచ్చు.